ఒకే దెబ్బలున్న రెండు సెంట్లు

మా క్లబ్బులో రాగి నాణెం మీదికి వంగినప్పుడు ఎవరూ మాట్లాడరు. నోట్లోంచి కంటికి కనిపించనంత తుంపర పడినా చాలు, కొన్ని నెలలకి ఆ చోట నల్ల చుక్క తేలుతుంది. ఏదైనా చెప్పాలంటే నాణేన్ని కింద పెట్టి, తల పక్కకి తిప్పి, అప్పుడు చెప్పాలి. మొదటిసారి ఆ గదిలోకి వెళ్లినప్పుడు నాకు కాస్త భయమేసింది. పొడవాటి బల్లలు, వాటి మీద మెత్తని నల్ల గుడ్డలు, చొక్కా చేతులు మోచేతి దాకా మడుచుకుని కూర్చున్న పెద్దవాళ్లు. ఎవరి నోటా మాట లేదు. అందరి చేతులూ బల్ల పైనే ఉన్నాయి. నా చెయ్యి రుమాలు కోసం జేబులోకి వెళ్తే పక్కాయన ఆ చేతినే చూశాడు, అది మళ్లీ పైకి వచ్చేదాకా చూశాడు.

మేము పోగుచేసేవి అమెరికా టంకశాల మొదలైన కొత్తలో కొట్టిన రాగి నాణేలు. అర సెంట్లు, పెద్ద సెంట్లు. పెద్ద సెంటు ఇప్పటి పావు డాలర్ నాణెం, క్వార్టర్ కంటే వెడల్పుగా ఉంటుంది. అప్పట్లో నాణెం కొట్టే ఉక్కు అచ్చులని చేత్తో చెక్కేవారు కాబట్టి ఒకే ఏడాది సెంట్లలోనే ఎన్నో రకాలు. ఒక అచ్చులో ఆకు వంకరగా ఉంటుంది, ఇంకో అచ్చులో చివరి అంకె కాస్త పైకి జరిగి ఉంటుంది. ఏ నాణెం ఏ అచ్చులోంచి వచ్చిందో పట్టుకోవడమే మా పని. నెలకో శనివారం మధ్యాహ్నం మేరీల్యాండ్‌లో ఒక లైబ్రరీ మీటింగ్ రూమ్‌లో కలిసేవాళ్లం. ముందు వార్తలు: ఎవరి కలెక్షన్ వేలానికి వస్తోంది, ఎవరికి మోకాలి ఆపరేషన్ అయింది, ఎవరు పోయారు. ఆ తర్వాత గుడ్డలు పరిచేవాళ్లం. కుకీలు మాత్రం బయట వరండాలోనే. నూనె చేతులతో ఎవరినీ లోపలికి రానిచ్చేవారు కాదు.

నేనప్పుడు నది ఇవతల, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో సర్క్యూట్ బోర్డులు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నాను. ఎంఎస్ పూర్తయి రెండేళ్లు. క్లబ్బులో నన్ను చేర్చింది మా అపార్ట్‌మెంట్లకి దగ్గర్లో ఉండే అంకుల్. బంధువేమీ కాదు. తెలిసినవాళ్లింట్లో పుట్టినరోజు పార్టీకి వెళ్తే, బేస్‌మెంట్‌లో అందరూ పేకాడుతుంటే ఆయనొక్కరే మూల కుర్చీలో లెన్సు పెట్టుకుని ఏదో చూస్తున్నారు. నేను దగ్గరికి వెళ్లి, ఆ సెంటు మీద అంచు నుంచి లోపలికి పాకిన సన్నటి గీత చూసి, "ఇది నాణెం మీద గీత కాదు, అచ్చు పగిలి వచ్చింది గదా అంకుల్" అన్నాను. ఆయన లెన్సు దించి నన్ను ఎగాదిగా చూసి, "ఎవరబ్బాయివయ్యా నువ్వు?" అన్నారు. ఆయనది గుంటూరు వైపు. రోడ్ల ఇంజనీరుగా పాతికేళ్ల కిందట వచ్చారు. నా వరంగల్ మాట విని నవ్వుకునేవారు. ప్రతి మీటింగ్‌కీ ఆయన కార్‌లోనే వెళ్లేవాణ్ణి.

ఈ కథ జరిగిన ఏడాది క్లబ్బు ఆయన్ని ముగ్గురిలో ఒకరిగా ఎన్నుకుంది. ముగ్గురు అంటే, సభ్యులు అనుమానపడి పంపిన నాణెం అసలుదా, నకిలీదా అని తేల్చేవాళ్లు. ఆ ముగ్గురిలోకి మనవాళ్లెవరూ అంతకు ముందు వెళ్లలేదు. ఆ వారం ఆంటీ పులిహోర, బూరెలు చేసి నన్ను పిలిచింది. ఆయన మాత్రం తింటున్నంతసేపూ ఏమీ ఎరగనట్టు కౌంటీ రోడ్ల గురించి మాట్లాడారు.

ఆ వసంతంలోనే ఆయన నాకొక పెద్ద సెంటు ఇచ్చారు. ఊరికే కాదు, బదులుకి. నా దగ్గర ఉన్నవాటిలో చెప్పుకోదగ్గది ఒకటే, ముదురు చాక్లెట్ రంగు అర సెంటు, మొదటి ఉద్యోగంలో చేరాక కొన్నది. దాన్ని తీసుకుని ఆయన ఈ సెంటు ఇచ్చారు. "ఎక్కడిది అంకుల్?" అంటే, "పెన్సిల్వేనియాలో ఒకావిడ దగ్గర ఎప్పుడో కొన్నా, చాలాకాలంగా నా దగ్గరే ఉంది" అన్నారు. మా క్లబ్బువాళ్లలో నాణెం ఎంత ముఖ్యమో అది ఎవరి సొరుగులోంచి వచ్చిందన్నదీ అంతే ముఖ్యం. అంకుల్ సొరుగులోంచి వచ్చిందంటే నాకు ఇంకో మాట అక్కర్లేకపోయింది.

ఏటా ఒకసారి మాకు వరస ఉంటుంది. ఒక అచ్చు రకాన్ని ముందే ప్రకటిస్తారు. ఆ రకం ఉన్నవాళ్లందరూ తమది తెచ్చి ఒకే బల్ల మీద వరసగా పెడతారు. కింద నంబరు తప్ప ఎవరిదన్నది ఉండదు. తర్వాత అందరూ ఒక్కొక్కరే నడుస్తూ చూసి, ఏది మంచి స్థితిలో ఉందో చెప్తారు. బల్లకి అటు ఒకరు, ఇటు ఒకరు కాపలా. ఆ ఏడాది ప్రకటించిన రకం నాకు బదులుకి వచ్చినదే. అంకులే గుర్తుచేశారు, "పెట్టెయ్, దానికి భయమేంటి" అని.

నా సెంటు ఐదో నంబరు. నేను మొదటినుంచీ చూసుకుంటూ వచ్చాను. మూడో నంబరు దగ్గర లెన్సు పెట్టగానే, ఎవరో నా సెంటు తీసి ఇక్కడ పెట్టారనుకున్నాను. గడ్డం ముందు చంద్రవంకలాంటి చిన్న దెబ్బ. జుట్టు చివర వాలుగా ఒక గీత. తిప్పితే, కుడి కొమ్మ పక్కన రెండు చుక్కలు. నా సెంటు మీద రోజూ చూసే దెబ్బలే అవన్నీ. కాపలా ఆయన్ని సైగ చేసి అడిగాను, నాణేలేమైనా తారుమారయ్యాయా అని. ఆయన నొచ్చుకున్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఐదో నంబరు దగ్గరికి వెళ్లాను. అక్కడా అవే దెబ్బలు.

అచ్చు గుర్తులు రెండు నాణేల మీద ఒకేలా ఉండాలి. దెబ్బలు ఒకేలా ఉండకూడదు. దెబ్బలు జేబుల్లో, సంచుల్లో, నేల మీద పడి వచ్చినవి. ఏ నాణెం దెబ్బలు దానివే. నా ఉద్యోగంలో మొదటి వారమే నేర్పిన సంగతి ఇది: ఒక బోర్డు మీద గీత ఉంటే అది ఆ బోర్డు తప్పు, రెండు బోర్డుల మీద అదే చోట అదే గీత ఉంటే వాటిని చేసిన పనిముట్టు తప్పు. అంటే ఎవరో ఒక పాత సెంటుని దెబ్బలతో సహా నకలు తీసి కొత్త అచ్చు చేశారు. ఈ రెండింటిలో ఒకటి ఆ పాత సెంటు కావచ్చు. లేదా రెండూ దాని పిల్లలు కావచ్చు. నిజంగా తగిలిన దెబ్బకి అంచు పదునుగా, రాగి పక్కకి లేచి ఉంటుంది. నాదాని మీద దెబ్బ అంచులు కరిగిన వెన్నలా మెత్తగా ఉన్నాయి. మూడో దాని మీదా అంతే.

నేను నోరు తెరవలేదు. తెరిస్తే మొదటి ప్రశ్న, "నీకిది ఎక్కడిది?" దానికి జవాబు అంకుల్. ముగ్గురిలో ఒకరు. నా వెనక వరసలో ఉన్నారు, నా భుజం మీదుగా ఆయన ఊపిరి వినిపిస్తోంది. నేను పక్కకి జరిగి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. మూడో నంబరు మీదికి వంగారు, చాలాసేపు ఉన్నారు. ఐదో నంబరు మీదికి వంగారు, ఇంకా ఎక్కువసేపు ఉన్నారు. తర్వాత తల తిప్పి, మామూలు గొంతుతో, "మూడు ముందు, ఐదు తర్వాత" అన్నారు. నాకంటే పదింతలు అనుభవం ఉన్న కళ్లు. చూడలేదంటే నేను నమ్మలేను. చూసి అన్నారంటే ఇంకా కష్టం.

మూడో నంబరు గెలిచింది. అది లారీల రిపేరు షెడ్డు నడిపే మెకానిక్‌ది. అతను లేచి అందరికీ చెయ్యి ఊపాడు. నాది రెండోది.

తిరుగు ప్రయాణంలో పోటోమాక్ నది బ్రిడ్జి ఎక్కాక అంకుల్ అడిగారు.

"ఏంటబ్బాయ్, సైలెంట్ అయిపోయావ్? సెకండ్ వచ్చినందుకు బాధా?"

"తలనొప్పి అంకుల్."

"మరి పార్టీ ఎప్పుడు? మన కాయిన్ గెలిచినట్టే కదా."

మన కాయిన్ అన్నారు. అది నాకు నచ్చలేదు.

"ఓ పని చెయ్" అన్నారు, లేన్ మారుతూ. "దాన్ని ఓ వారం నా దగ్గరుంచు. శుభ్రంగా బ్రష్ చేసి ఇస్తాను."

"నేను చేస్తనే ఉన్న అంకుల్, రోజూ."

"నువ్వు చేసేది బ్రష్షా? చీపురుతో వాకిలి ఊడ్చినట్టు ఊడుస్తావ్. ఇటివ్వు."

"పర్వాలేదు అంకుల్, నా దగ్గరనే ఉండనియ్యండి."

ఆయన నావైపు తిరిగి చూశారు. రోడ్డు మీద చూపు తీసి అంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఇంటి ముందు దిగేదాకా సెంటు ఉన్న జేబు మీద నా చెయ్యి అలాగే ఉంది.

ఆ వారమంతా నా బుర్రలో నాలుగు మాటలే తిరిగాయి. ఆయనకి తెలియదు. తెలుసు, కానీ నాకిచ్చాక తెలిసింది. తెలిసే ఇచ్చారు. లేదా ఆయన దగ్గరున్నది అసలు సెంటే, దాన్ని ఎవరికో ఇచ్చి నకలు తీయించి, నాకు నకలు అంటగట్టారు. చివరిది ఆలోచించినందుకు నా మీద నాకే అసహ్యమేసింది, అయినా దాన్ని కొట్టేయలేకపోయాను. ఆయన నకిలీ అని తెలిసే ఇచ్చి ఉంటే, ఈ దేశంలో నాకున్న ఒకే ఒక పెద్ద దిక్కు నన్ను మోసం చేసినట్టు. అది తేలేదాకా నాకు బోర్డుల మీద గీతలు కూడా సరిగ్గా కనిపించలేదు.

శుక్రవారం సెలవు పెట్టి మెకానిక్ షెడ్డుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. అతను లారీ కిందనుంచి జారి బయటికొచ్చి, నన్ను చూసి, చేతులు తుడుచుకుంటూనే అడిగాడు, "నిన్ను ఆయన పంపాడా?"

"ఎవరు?"

"నీతో వస్తాడే, ఆయన. నా సెంటు ధర కనుక్కోమన్నాడా?"

లేదు, దాన్ని ఇంకోసారి చూడాలి, అంతే అన్నాను. అతనికి నమ్మకం కుదరలేదు. చివరికి ఆఫీసు గదిలో సేఫ్ తీశాడు గాని, సెంటు నా చేతికివ్వలేదు. తానే అంచు పట్టుకుని దీపం కింద తిప్పాడు, నేను లెన్సు పెట్టి చూశాను. దెబ్బలన్నీ అవే. ఎక్కడ కొన్నారని అడిగితే, ఇంటర్నెట్‌లో, క్రితం శీతాకాలం అన్నాడు.

"కొన్న నెలకే నీ మనిషి వచ్చాడు" అన్నాడు. "చూసి, ఇది నాకు బాగా అనిపించట్లేదు, ముగ్గురి దగ్గరికి పంపు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఈ ఆటలో ఎన్నేళ్లుగా ఉన్నాను నేను! నాణెం బాగాలేదన్నవాడు మర్నాడొచ్చి తక్కువ ధరకి అడుగుతాడు. అందరూ అంతే. నేనూ అంతే. పొమ్మన్నాను."

"మర్నాడు వచ్చిండా ధర అడగడానికి?"

"రాలేదు. వేరే ఎక్కడో దొరికిందేమో. లేకపోతే నీకు దొరికిందా?" అని సేఫ్ మూసి కళ్లు చికిలించి చూశాడు.

షెడ్డు బయట కార్‌లో కూర్చుని నెలలు లెక్కపెట్టాను. శీతాకాలంలోనే అంకుల్‌కి ఈ దెబ్బల సెంటు బాగాలేదని తెలుసు. నాకు వసంతంలో ఇచ్చారు. అంటే ఇంక నాలుగు మాటలు లేవు, ఒకటే. తెలిసే ఇచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ తలుపు తీసి, "వంకాయ వేగుతోంది, తినేసే వెళ్లాలి" అంది. నేను తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగాను. అంకుల్ బల్ల దగ్గరున్నారు. సెంటు తీసి నల్ల గుడ్డ మీద పెట్టాను.

"అంకుల్, ఇది నకిలీ. మీకు తెలుసు. తెలిసే నాకు ఇచ్చిన్రు."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "నీకెప్పుడు తెలిసింది?"

"వరస పెట్టిన రోజే."

"ఆ రోజే తెలిస్తే నోరెందుకు మూసుకున్నావ్?" ఆయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "అందరి ముందూ రెండూ పక్కపక్కనే ఉన్నాయ్. నీ కళ్లు చూశాయ్. చూశాయని నీ మొహంలోనే కనిపించింది. ఒక్క మాట అంటే అక్కడే తేలిపోయేది. ఎందుకనలేదు?"

"మీ పేరు చెప్పాల్సి వస్తదని."

"చెప్పమనే కదయ్యా ఇచ్చింది!"

ఆయన సొరుగు లాగి ఇంకో సెంటు తీసి నా దాని పక్కన పెట్టారు. నేను వంగాను. గడ్డం ముందు చంద్రవంక. జుట్టు చివర వాలు గీత. ముచ్చటగా మూడోది.

ఆయన చెప్పింది ఇది. మెకానిక్ తన మాట పెడచెవిన పెట్టాక, ఆ సెంటు అమ్మినవాడి దగ్గరే మరో పేరుతో ఒకటి కొన్నారు, కొన్నాళ్లకి ఇంకోటి. మూడింటి మీదా ఒకే దెబ్బలని తెలిసింది. కానీ సొంతదారు పంపకుండా ఇంకొకరి నాణెం గురించి ముగ్గురిలోవాళ్లు అందరి ముందూ మాట్లాడకూడదు. తానే ఒకటి తెచ్చి వరసలో పెడితే, మెకానిక్ మీద పగతో పెట్టాడంటారు. ఇంకెవరిదో పక్కన ఉండాలి, ఇంకెవరి కన్నో పట్టుకోవాలి. "దెబ్బలు చూసే కన్ను క్లబ్బులో నీదే" అన్నారు. "ముందే చెప్పి పంపితే నువ్వు నటించాలి. నీకు నటన రాదు."

"మరి పెన్సిల్వేనియా ఆవిడ?"

"అబద్ధం. ఇంటర్నెట్‌లో కొన్నానంటే నువ్వు ఇంట్లోనే లెన్సు పెట్టి విప్పేసేవాడివి."

"కార్‌లో ఎందుకు వాపస్ అడిగిన్రు?"

"నువ్వు మాట్లాడకపోయేసరికి నాకు భయమేసింది. గుట్టుగా ఇంకెవరికో అంటగడతావేమోనని."

ఆయన నన్ను కూడా అలాగే అనుమానించారని అప్పుడు తెలిసింది. కోపం రావాలి. ఎందుకో రాలేదు. ఆయన కాగితం కవరొకటి నావైపు తోశారు. లోపల నా అర సెంటు. ఇచ్చిన రోజే కవర్‌లో పెట్టి పక్కనుంచానన్నారు. నేను లెన్సు తీసి దాన్ని రెండువైపులా, అంచు చుట్టూ, అక్షరం అక్షరం చూశాను. ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"నీదేనా?"

"నాదే."

"బాగా చూసుకో."

చూసుకున్నాను. నాదే. అయినా అనుమానం పోలేదు. దొరికిపోయినవాడు కూడా సరిగ్గా ఇదే కథ చెప్తాడు. మూడో సెంటు నాకిచ్చాక కొన్నదా, ముందు కొన్నదా? అర సెంటు నిజంగా మొదటినుంచీ ఆ కవర్‌లోనే ఉందా, ఈ పొద్దున పెట్టారా? మంచి ఇంజనీరుకి ఇలాంటి కథ అల్లడం పెద్ద పనేమీ కాదు.

"వచ్చే మీటింగ్‌లో మూడూ పెడదాం" అన్నారు. "నేనిచ్చానని నువ్వు చెప్పు. నేను మిగతాది చూసుకుంటాను."

"తెలిసే ఇచ్చిన్రని అంటే మీ సీటు పోతది గదా?"

"పోతుంది. అందుకే తెలియదంటాను" అన్నారు, లేస్తూ. "తెలియక ఎవరైనా ఇస్తారు. దానికేం కాదు. పద, వంకాయ చల్లారిపోతుంది."

అందరి ముందూ అంత తేలిగ్గా అబద్ధమాడగలిగిన మనిషి, నాతో ఎందుకు ఆడలేడు? వంకాయ రుచి తెలియలేదు.

తర్వాతి నెల మీటింగ్‌లో వార్తలయ్యాక నేను లేచి నిలబడ్డాను. నాదీ, అంకుల్ సొరుగులోదీ రెండు సెంట్లూ గుడ్డ మీద పెట్టి, మెకానిక్‌ని తనది తెమ్మన్నాను. అతను తేనన్నాడు. క్లబ్బు అధ్యక్షురాలు, రిటైరైన స్కూల్ టీచరు, "తే" అని ఒక్క మాటంది. తెచ్చాడు. వరసగా వచ్చి అందరూ చూశారు. మెకానిక్ ఆఖర్న వంగాడు. లేచేటప్పటికి అతని చెవులు ఎర్రబడ్డాయి. కొన్నప్పటినుంచీ తోటి సభ్యులందరికీ చూపించుకున్న సెంటు అది.

"ఇది నీకెక్కడిది?" అని అధ్యక్షురాలు నన్నడిగింది. చెప్పాను. ఆవిడ అంకుల్ వైపు తిరిగింది.

"ఈ అబ్బాయికి ఇచ్చేటప్పటికి ఇది నకిలీ అని మీకు తెలుసా?"

అంకుల్ తల పక్కకి తిప్పలేదు. తిన్నగా ఆవిడనే చూశారు.

"తెలుసు" అన్నారు.

మెకానిక్ కుర్చీ వెనక్కి తోసి, "చూశారా!" అన్నాడు. ఎవరూ అతనివైపు చూడలేదు. ఎందుకిచ్చారో అంకుల్ చెప్పారు, నాతో చెప్పినట్టే, ఒక్క మాట ఎక్కువా తక్కువా లేకుండా. అధ్యక్షురాలు అంతా విని, కారణం ఏదైనా, నకిలీ అని తెలిసి చెప్పకుండా తోటి సభ్యుడికి ఇచ్చినవాళ్లు ముగ్గురిలో ఉండలేరంది. "నిబంధన రాసేటప్పుడు మీరూ ఉన్నారు" అంది, కాస్త మెత్తగా. అంకుల్ తలూపారు. గోడ పక్కన ముగ్గురికీ వేసిన కుర్చీల్లోంచి తనది తీసుకొచ్చి నా పక్కన వేసుకున్నారు. మిగతా మీటింగంతా అక్కడే కూర్చున్నారు. మూడు సెంట్ల ఫోటోలూ, దెబ్బల గుర్తులూ క్లబ్బు పత్రికలో వేయాలని తీర్మానించారు.

కార్‌లో బెల్ట్ పెట్టుకుంటూ అడిగాను. "అంకుల్, తెలియదని అంటా అన్నరు గదా?"

"అందామనే వెళ్లాను."

"మరి?"

ఆయన రివర్స్ చేసి, పార్కింగ్‌లోంచి బయటికొచ్చి, సిగ్నల్ దగ్గర ఆగారు.

"తెలియదంటే వాళ్లంతా నమ్మేవాళ్లు. నువ్వు నమ్మేవాడివా?"

"లేదు" అన్నాను.

"అదీ" అన్నారు. గ్రీన్ పడింది. "ఇప్పుడైనా పూర్తిగా నమ్మావా?"

నేను ఆలోచించాను. ఆ ఒక్క మాట వల్ల ఆయనకి పోయింది తప్ప వచ్చింది ఏమీ లేదు. ఎటు తిప్పి చూసినా నాకింకో అర్థం దొరకలేదు.

"నమ్మిన అంకుల్."

"ఇంతసేపు ఆలోచించాలా దానికి?" అని విసుక్కుని, హైవే ఎక్కారు.